జూన్‌లో పోయిన రోజా

అందరూ కలిసి తెలియక చేసిన తప్పును అల్లా ఒక్కటిగా రాసుకుంటాడా, మనిషికొకటిగా రాసుకుంటాడా అన్న అనుమానం నన్ను తొమ్మిదేళ్లుగా వదల్లేదు.

ఆ ఏడు రంజాన్ జూన్‌లో వచ్చింది. కర్నూలులో మా వీధి మసీదు ముందు చాపలు పరిచి నూట ఎనభై మందికి రోజా, అంటే పగటి ఉపవాసం, విడిచే ఇఫ్తార్ పెట్టాం. ఒక నాయకుణ్ని ముఖ్య అతిథిగా పిలిచాం. ఖర్జూరాలు ముందు పెట్టుకుని, పొద్దు గూకగానే మోగే మసీదు సైరన్ కోసం కూర్చున్నాం. సైరన్ మోగింది. నేనే మొదట "బిస్మిల్లా" అని గట్టిగా అన్నాను. నూట ఎనభై నోళ్లు ఒక్కసారి ఆడాయి. మిద్దెల మీద ఆడవాళ్లు కూడా నీళ్లు తాగేశారు. అంతలో మలుపు తిరిగి నాయకుడి ముందు వచ్చే జీపు కనిపించింది. మోగింది దాని సైరన్. పొద్దు గూకడానికి ఇంకా పదకొండు నిమిషాలుంది.

"నేను రాకముందే మొదలుపెట్టేసినారే!" అని నాయకుడు నొచ్చుకున్నాడు. మింగాలో ఉమ్మాలో తెలియక ఉబ్బిన బుగ్గలతోనే ఆయనకు సలాం చేశాం.

మసీదులో నమాజు చదివించే హజ్రత్ తేల్చి చెప్పారు: "పొరపాటే. పండగయ్యాక తలా ఒక రోజా ఉండి తీర్చుకోండి."

కమిటీ పెద్ద మౌలాలప్ప ఒప్పుకోలేదు. "కలిసి పోగొట్టినాం. కలిసే తీర్చల్ల."

అప్పటి నుంచి అందరూ కలిసి రోజా ఉండే రోజు ఖాయం చేయడానికి ఏటా మధ్యాహ్నం పూట మీటింగు, బిర్యానీతో. ఒక ఏడు పెళ్లిళ్లు అడ్డం, ఒక ఏడు ఎన్నికలు అడ్డం. చలికాలంలో పెడదామంటే కమిటీలోని ఫకీరప్ప లేచాడు. "జూన్‌లో పోగొట్టి డిసెంబర్‌లో తీరుస్తారా? పగలు పొట్టిది. దేవునికే రెండు గంటలు ఎగ్గొడతారా?" జీపు నాయకుడిదే కాబట్టి ఆయనకూ ఒక రోజా పడుతుందని ఒకసారి ఉత్తరం రాశాం. ఆయన ఆఫీసు నుంచి రంజాన్ శుభాకాంక్షల కార్డు వచ్చింది. దాన్ని మినిట్స్ బుక్కులో అంటించారు.

నేనొక్కణ్నే ఉండి తీర్చుకుంటే వీధిని ముంచి నేను గట్టెక్కినట్టు అనిపించేది. మొదట బిస్మిల్లా అన్నవాణ్ని నేనే కదా.

ఈ డిసెంబర్‌లో ఒక శుక్రవారం డాక్టరు నా షుగరు రిపోర్టు చూసి, "సోమవారం నుంచి ఇన్సులిన్. ఇంక రోజాలు మానల్లప్పా" అన్నాడు. బాకీతోనే పోతానా? తిన్నగా మౌలాలప్ప దగ్గరికి పోయాను.

"మామా, రేపే పెట్టండి. నాకింక దినాల్లేవు."

"రేపు యాడయితాది కాశీంసా? రేపు రోజు ఖాయం చేసే మీటింగుండాది. బిర్యానీ చెప్పేసినాం. రోజా ఉండి మీటింగుకు ఎట్లొస్తావప్పా?"

ఇంటికొచ్చి మా ఆవిడ ఇమాంబీతో భయపడుతూ చెప్పాను. "రేపు రోజా ఉంటాను. ఆ జీపు సైరన్‌ది."

ఆమె చేటలో బియ్యం ఏరడం ఆపింది. "అది ఇంకా ఉండాదా నీకు? మేం ఆడోళ్లమంతా ఆ ఏడే తీర్చేస్తిమి గదా."

"ఎప్పుడు?"

"పండగైనాక. నెలసరితో ఉండలేని దినాలకు మాకు ఏటా బాకీ ఉంటాది గదా. దాంతోపాటే ఇదీ."

"మరి చెప్పలేదే!"

"మీరు మీటింగులు పెట్టుకుంటాంటిరి. మధ్యలో మేమెందుకు?"

తెల్లవారుజామున లేపి అన్నం పెట్టింది. మధ్యాహ్నం మసీదు వైపు నుంచి బిర్యానీ వాసన వచ్చింది. నేను కిటికీ మూసుకున్నాను. సాయంత్రం సైరన్ అయింది, అజాన్ కూడా అయింది. నా చెయ్యి మాత్రం కదల్లేదు.

"అది జూన్ పగలు ఇమాంబీ. ఇంకో రెండు గంటలు ఆగితే సరిగ్గా సరిపోతుందేమో."

"పొద్దు గూకినాక ఆగమని ఎవరు చెప్పినారు నీకు? నోరు తెరువు."

తెరిచాను. ఖర్జూరం పెట్టింది. నిదానంగా నమిలి మింగాను.