చేతుల్లేని బెంచీ

డిజైన్లు చేసే మా ఆఫీసులో ఏ బొమ్మ గీసినా ముందు గోడకు అంటించి, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో చూస్తారు. పార్కులో వేసే బెంచీకైనా అదే పద్ధతి. పైనుంచి చూసేవి కాకులు కదా, కూర్చునేది మనుషులు కదా అని అడిగే నాథుడు లేడు. నేను అడిగాను. నేను గీసిన బెంచీకి రెండు పక్కలా చేతులున్నాయి, వెనక ఆనుకోవడానికి చెక్క పలకలున్నాయి, మోకాళ్ళ నొప్పులవాళ్ళు కూడా ఇబ్బంది లేకుండా లేవగలిగేంత ఎత్తుంది. చూడటానికీ ముచ్చటగానే ఉంది. నా బొమ్మను నేనే మెచ్చుకుంటున్నానని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

"గీత తెగిపోతోందమ్మా" అన్నాడు మా పెద్దసారు. ఏం చూపించినా ఆయనది అదే పాట, గీత ఎక్కడా అడ్డు లేకుండా నున్నగా సాగాలట. అందుకే చాటుగా ఆయన్ను గీత సారు అంటాం. చేతులు తీసేశాడు, పలకలు తీసేశాడు, ఎత్తు తగ్గించేశాడు. చివరికి మిగిలింది ఆకు ఆకారంలో, నున్నగా పాలిష్ పెట్టిన నల్లరాయి. కాకులకు మాత్రం కన్నులపండుగే!

"మరి పెద్దవాళ్ళు లేవాలంటే ఎలాగండీ?" అన్నాను.

"పక్కన ఎవరో ఒకరుంటారుగా!" అనేసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ మాటకు నాకు ఒళ్ళు మండిపోయింది. పక్కన ఎవరూ అక్కర్లేకుండా బయటికి వెళ్ళి రావడం కోసమే మా ఇంట్లో ఒక మనిషి నానా పాట్లూ పడుతోంది మరి. మా అత్తయ్యకు తుంటి ఆపరేషన్ అయింది. మంచం దిగడానికే భయపడిన మనిషి, పళ్ళు బిగించి నడక నేర్చుకుని నేర్చుకుని, కర్ర పట్టుకుని ఒక్కతే పార్కు దాకా వెళ్ళే స్థితికి వచ్చింది. అక్కడ కాసేపు కూర్చుంటేనే మళ్ళీ ఇంటికి నడవగలదు. "నా అంతట నేను వెళ్ళొస్తే చాలమ్మా, ఇంకేమీ అడగను" అనేది.

ఆ పార్కులో పాత చెక్క బెంచీలు పీకేసి కొత్తవి ఎప్పుడు పెడతారో గీసిన మాకే ఎవరూ చెప్పలేదు. ఓ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి అత్తయ్య లేదు. పార్కుకు పరుగెత్తాను. అత్తయ్య ఆ నల్లరాయి మీద ఉంది, రెండు చేతులతో కర్రను పట్టుకుని.

"ఎంతసేపైంది అత్తయ్యా?"

"మధ్యాహ్నం వచ్చాను. ఊతం లేదు, లేవలేకపోయాను."

"ఎవరినైనా పిలవకపోయారా?"

"అటు వెళ్ళేవాళ్ళు అడిగారమ్మా పాపం. బాగానే ఉన్నాను, మా కోడలు వస్తోందని చెప్పాను."

చంకల కింద చేతులు వేసి లేపాను. అప్పుడు చూశాను, వెనక బట్టలు తడిసిపోయి ఉన్నాయి. అత్తయ్య నా భుజంలో ముఖం దాచుకుంది. "అబ్బాయికి చెప్పకే. ఎవరికీ చెప్పకు, నీకు పుణ్యముంటుంది" అంది. నా చున్నీ ఆవిడ నడుముకు చుట్టి ఇంటికి తీసుకొచ్చాను.

ఆ తర్వాత అత్తయ్య గడప దాటలేదు. అడిగితే ఎండగా ఉందనేది, ఎండ లేకపోతే ఒంట్లో నలతగా ఉందనేది. ఆ బెంచీ మార్చమని నాకు ఆఫీసులో రోజూ గొడవే. కానీ అసలు సంగతి చెప్పడానికి లేదాయె!

"ఆ బెంచీ మీద నీకింత కోపమేమిటమ్మా, నీ నెత్తిన పడిందా?" అన్నాడు గీత సారు. అందరూ పకపకా నవ్వారు. ఏడుపు దిగమింగుకుని నా సీట్లో కూర్చున్నాను.

అంతటితో ఊరుకున్నాడా? ఆ బెంచీని ఏదో బహుమతి పోటీకి పంపిస్తాడట. "అన్ని వయసులవాళ్ళకూ అనువైనదని దరఖాస్తులో రాశాం. పెద్దావిడ ఎవరైనా కూర్చున్న ఫొటో కావాలి. మీ అత్తగారు రోజూ ఆ పార్కుకే వెళ్తారటగా, రేపు తీసుకురా" అన్నాడు. సిగ్గుండాలి మనిషికి! ఇంటికొచ్చి గిన్నెలు ఎత్తి పడేస్తూ అత్తయ్య ముందు ఆయన్ను దులిపేశాను.

అత్తయ్య అంతా విని, "రేపు నన్ను తీసుకెళ్ళు" అంది.

"మీకేమైనా మతిపోయిందా?"

"తీసుకెళ్ళమన్నానా!"

మర్నాడు మేం వెళ్ళేసరికి కెమెరా అతను సిద్ధంగా ఉన్నాడు, ఆఫీసువాళ్ళంతా చుట్టూ మూగారు. గీత సారు రాయి మీద దర్జాగా కూర్చుని పక్కన తట్టి చూపించాడు. "రండమ్మా, హాయిగా కూర్చోండి."

అత్తయ్య కూర్చోలేదు.

"ఒకసారి కూర్చున్నాను నాయనా. సరిగ్గా నువ్వు కూర్చున్నచోటే. లేవలేకపోయాను. సాయంత్రం దాకా అలాగే ఉండిపోయి, ఆపుకోలేక బట్టల్లోనే పోసుకున్నాను." కర్రతో ఆ రాయిని తట్టింది. "అందరికీ అనువైనదని రాశారటగా. ఇది కూడా రాయండి."

కెమెరా అతను తల దించుకున్నాడు. నవ్విన వాళ్ళెవరూ నా వైపు చూడలేదు. గీత సారు మాత్రం నిప్పు తగిలినట్టు చటుక్కున లేచి, రెండు చేతులతో ప్యాంటు వెనక దులుపుకున్నాడు.

అత్తయ్య ఆయన్ను ఎగాదిగా చూసి నా వైపు తిరిగింది.

"చూశావుటే, ఎక్కడా చెయ్యి ఆనించకుండానే లేచాడు."