కొట్టేసిన పద్దు

గోదాములో ఆమెను అందరూ లెక్కలమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది ఎదురుగా నిలబడి పెట్టెలకు టేపు వేసే వదిన. ఆమె నిజానికి వదినేమీ కాదు. ఒకే బల్లకు రెండు వైపులా మూడేళ్ళు నిలబడితే ఏదో ఒక వరస కలిసి తీరుతుంది.

పని ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం అయిదున్నర దాకా. సెల్‌ఫోన్ పెట్టెను స్కాన్ చేయాలి, అట్టపెట్టెలో సర్దాలి, బల్ల మీదుగా వదినకు తోయాలి. అయిదున్నరకు గంట మోగగానే నూట నలభై మంది ఆడవాళ్ళు వేలిముద్ర యంత్రం దగ్గరికి చేరతారు. వేలు పెట్టిన క్షణాన జీతం ఆగిపోతుంది. మనిషికి మాత్రం సెలవు దొరకదు. ఎవరూ ఫోను దాచుకొని వెళ్ళడం లేదని రుజువయ్యాకే బయటి గేటు దాటనిస్తారు. అందుకోసం రెండు మెటల్ డిటెక్టర్లున్నాయి. ఒకటి నాలుగు నెలలుగా చెడిపోయి ఉంది, దాని మీద ఎవరో తువ్వాలు ఆరేస్తున్నారు. రెండోదాంట్లోంచి ఒక్కొక్కరే వెళ్ళాలి. మనిషికి పది సెకన్లు. నూట నలభయ్యవ మనిషి బయటపడేసరికి ఇరవై మూడు నిమిషాలు గడుస్తాయి.

ఈ ఇరవై మూడు నిమిషాలు ఎవరివి? కంపెనీవి కావు, ఎందుకంటే కంపెనీ వాటికి డబ్బివ్వదు. ఆడవాళ్ళవీ కావు, ఎందుకంటే కదలడానికి వీల్లేదు. సొంతదారు లేని సమయమని సరిపెట్టుకోవడం మిగతావాళ్ళకు సాధ్యమైంది. లెక్కలమ్మకు సాధ్యం కాలేదు. ఆమెకు రెండున్నరేళ్ళ కూతురుంది.

పాపను చూసుకునేది ఒక ట్రస్టు చవకగా నడిపే క్రెష్. దాన్ని ఆరింటికి మూసేస్తారు. గేటు నుంచి అక్కడికి పదిహేను నిమిషాల నడక. అంటే వరుసలో తొంభయ్యవ స్థానం లోపల ఉంటే సరే, ఆ తర్వాతైతే ఆలస్యమే. ఆమె బల్ల గోదాము చిట్టచివర ఉంటుంది. పరుగెత్తుకొచ్చినా మామూలుగా ఎనభై అయిదుకూ తొంభైకీ మధ్య చోటు దొరికేది. ఆలస్యమైతే సగం రోజు కూలి జరిమానా. అదైనా ఎలాగో భరించవచ్చు. భరించలేనిది మరో నియమం. ఒకే నెలలో మూడుసార్లు ఆలస్యమైతే సీటు పోతుంది, ఎదురుచూపుల జాబితాలో ముందున్న బిడ్డకు దక్కుతుంది. ఆ జాబితాలో ముప్ఫై ఒక్క పేర్లున్నాయి. ఊళ్ళో మిగిలిన క్రెష్‌లలో బిడ్డను చేర్చాలంటే ఆమె జీతంలో మూడింట రెండు వంతులు పోవాలి. భర్త లిఫ్టు మెకానిక్. ఉదయం ఎనిమిదికి బయలుదేరితే రాత్రి ఎనిమిదికి గాని రాడు. కాబట్టి సీటు లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే అద్దె లేదు.

ఆ నెలలో అప్పటికే రెండు ఆలస్యాలు నమోదయ్యాయి.

ఆ రోజుల్లోనే కంపెనీ తన ఉద్యోగినులకు 'నీ జీతం నీ చేతిలో' అనే శిక్షణ మొదలుపెట్టింది. నేర్పడానికి వచ్చినాయన చొక్కా మడత నలగలేదు. ఆయనకు పొదుపు మాస్టారని పేరు స్థిరపడటానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

"జీతం తక్కువని ఏడవకండి తల్లీ, కోరికలు ఎక్కువని తెలుసుకోండి," అన్నాడాయన.

"ఆ కోరికలేంటో కాస్త చెప్తే మేమూ కోరుకుంటాం," అని వదిన గొణిగింది.

ఆయన మాటకు ఆధారమేమిటని ఎవరూ అడగలేదు. చప్పట్లు పడేలా చెప్పిన వాక్యాన్ని ఆధారం అడిగే అలవాటు మనుషులలో అరుదు. అందరికీ ఒక కాగితం పంచారు. నెల ఖర్చును నాలుగు గళ్ళలో రాయాలి: అవసరం, సౌకర్యం, విలాసం, దుబారా. అన్నిటికంటే చక్కటి బడ్జెట్‌కు బహుమతి. లెక్కలమ్మ అద్దె, సరుకులు, కరెంటు, బస్సు, మందులు రాసి, అవసరాల గడిలోనే చివరగా క్రెష్ జరిమానా రాసింది.

మాస్టారి ఎర్రకలం అక్కడ ఆగింది. "ఇదేంటమ్మా? జరిమానా అవసరమా?"

"తప్పనిదాన్ని అవసరమే అంటారు కదండీ."

"ఆలస్యం తప్పనిదెలా అవుతుంది? క్రమశిక్షణ ఉంటే ఆలస్యమే ఉండదు. ఇది దుబారా."

లెక్కలమ్మ మరో కాగితం తీసింది. పద్నాలుగు రోజుల పాటు వేలిముద్ర పెట్టిన సమయం, గేటు దాటిన సమయం, వరుసలో తన స్థానం అందులో ఉన్నాయి. యంత్రంలోని గడియారానికీ గేటు దగ్గరి గడియారానికీ ఒక నిమిషం తేడా ఉందని గమనించి దాన్ని కూడా సవరించింది. ఆలస్యమైన రెండు రోజుల్లో ఆమె స్థానాలు నూట పన్నెండు, నూట ఇరవై ఒకటి.

మాస్టారు కాగితాన్ని చేత్తో తాకలేదు. "అంటే తప్పు కంపెనీదంటావా?"

"నేనేమీ అనట్లేదండీ. గడియారం అంటోంది."

"ఇదిగో, ఈ నెగెటివ్ ఆలోచనే వద్దు. వచ్చే నెల నుంచి ఈ ఖర్చు ఉండదని గట్టిగా అనుకో. అనుకుంటే అదే పోతుంది." ఆయన ఎర్రసిరాతో ఆ పద్దును కొట్టేశాడు.

"అద్దె కూడా అలాగే కొట్టేద్దురూ మాస్టారూ, మీకు పుణ్యముంటుంది," అంది వెనక నుంచి వదిన. అందరూ నవ్వారు. పెద్దమనసు చూపాలి గనుక మాస్టారు కూడా నవ్వాడు.

ఆ ఒక్క పద్దు పోయేసరికి లెక్కలమ్మ బడ్జెట్‌లో రాబడి ఖర్చును మించింది. గోదాము మొత్తంలో అలా మిగులు చూపిన కాగితం అదొక్కటే. వారం తిరగకుండా బహుమతి ఆమెకేనని నోటీసు అంటించారు. చేయని మేలును చేసినట్టు చెప్పుకుంటే మోసమంటాం. చేసిన ఖర్చును చేయనట్టు రాస్తే మాత్రం దానికి సభ ఏర్పాటు చేశారు. శుక్రవారం సాయంత్రం అయిదున్నరకు, అంటే వేలిముద్ర పెట్టేశాక, కంపెనీ సమయం పైసా ఖర్చు కాకుండా.

శుక్రవారం పొద్దున పాపకు చెప్పులు తొడుగుతూ ఆమె భర్తకు ఈ సంగతి చెప్పింది.

"బహుమతేంటి?" అన్నాడతను.

"పొదుపు డబ్బా."

"అందులో వెయ్యడానికి?"

"అది విడిగా ఇస్తారేమో, అడగలేదు."

"అసలు వెళ్ళకపోతే ఏమవుతుందే?"

"వెళ్ళకుండా ఎలా? సభ అయ్యేదాకా గేటు తియ్యరట. నాకు ముందే ఇచ్చేసి అయిదూ నలభైకి పంపిస్తానని సూపర్‌వైజరు మాటిచ్చాడు."

"ఆయన మాటకి వారంటీ ఉందా?" అతను పనిముట్ల సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నాకు ఇవాళ పన్నెండో అంతస్తు. కిందికి దిగడానికి లిఫ్టుండదు, దాన్నే కదా విప్పేది."

సాయంత్రం పై అంతస్తులోని భోజనాల హాలులో కుర్చీలు వేశారు. బల్ల మీద గులాబిరంగు ప్లాస్టిక్ డబ్బా, దాని మెడకు రిబ్బను. మేనేజరు రాలేదు. అయిదూ నలభై అయింది. మేనేజరు రాలేదు. ఆడవాళ్ళ సొంత ఫోన్లన్నీ పొద్దున్నే తీసుకొని పెట్టే గేటు అవతలి పెట్టెల్లో ఉన్నాయి, క్రెష్‌కు కబురు చెప్పే మార్గం కూడా లేదు. లెక్కలమ్మ లేచి సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళింది.

"సార్, నలభైకి పంపిస్తానన్నారు."

"కూర్చోమ్మా. పెళ్ళికూతురే లేచిపోతే ఎలా? ఫోటో తియ్యాలి."

"ఫోటో వదినతో తీయించుకోండి. నాకంటే బాగుంటుంది."

"పది నిమిషాలే!"

"ఆ పది నిమిషాలు నా దగ్గర లేవు సార్."

ఆయన మెట్ల వైపు చూశాడు. ఆమె వేదిక ఎక్కి మైకు అందుకుంది. నాలుగు కృతజ్ఞతా వాక్యాలు చెబుతుందనుకొని మాస్టారు పక్కకు జరిగి చప్పట్లు మొదలుపెట్టాడు.

"నాకు బహుమతి తెచ్చిన బడ్జెట్‌లో ఒక ఖర్చు కనిపించదు," అంది లెక్కలమ్మ. "దాన్ని నేను మిగల్చలేదు, మాస్టారు కొట్టేశారు. అది మా పాప క్రెష్‌లో కట్టిన జరిమానా. మీ గేటు దగ్గర నన్ను నిలబెట్టినందుకు నేను ఎదురు కట్టిన డబ్బు. ఇవాళ కూడా నిలబెట్టారు. ఆరు దాటితే మా పాప సీటు పోతుంది. సీటు పోతే నా ఉద్యోగం పోతుంది. అప్పుడు ఈ డబ్బాలో ఏం వేసుకోను? దుబారా ఎవరు చేస్తున్నారు మాస్టారూ? నేనా? నూట నలభై మంది సాయంత్రాల్ని రోజూ పారబోస్తున్నవాళ్ళా?"

"ఇప్పుడా ఇవన్నీ?" సూపర్‌వైజరు దాదాపు అరిచాడు. "మేనేజరుగారు మెట్లెక్కుతున్నారు!"

"ఆయన ఎక్కుతుంటే నేను దిగుతాను," అని ఆమె మైకు పెట్టేసింది. ఎదురొచ్చిన మేనేజరుకు మెట్ల మీద దారి ఇచ్చి, ఆయన చిరునవ్వు పూర్తి కాకముందే కిందికి వెళ్ళిపోయింది.

గేటుకు తాళం ఉంది. కాపలా బాబాయి స్టూలు మీద కూర్చున్నాడు.

"పైనుంచి ఆర్డరమ్మా. నేనేం చెయ్యను? నా ఉద్యోగం ఉండాలి కదా."

"ఉండాలి బాబాయ్. అందుకే రిజిస్టరు తియ్యి. 'పని ముగిసిన నూట నలభై మంది లోపల ఉన్నారు, గేటుకు తాళం వేసి ఉంది, ఒకామె బయటికి పంపమంటే పంపలేదు' అని రాసి, టైము వేసి సంతకం పెట్టు. నేనూ పెడతాను. రేపు లోపల నిప్పంటుకుంటే తాళం ఎవరు వెయ్యమన్నారో నువ్వు చెప్పుకోవచ్చు."

బాబాయి కలం తీశాడు. తేదీ రాశాడు. "పని ముగిసిన" దాకా రాసి ఆగాడు. ఆర్డరిచ్చినవాడి పేరు ఎక్కడా లేదు. కింద సంతకం చేయాల్సిన చోట మాత్రం తన పేరే ఉంది. ఆ సంగతి అర్థమైన మనిషి ముఖం పెట్టి తాళంచెవి తీశాడు. "పోమ్మా, పో. డిటెక్టర్లోంచే పో."

అప్పుడు సమయం అయిదూ నలభై తొమ్మిది. ఆమె పరుగెత్తింది. కూడలి దగ్గర వాహనాలు ఆగేదాకా దాదాపు అయిదు నిమిషాలు నిలబడక తప్పలేదు. క్రెష్ తలుపు చేరేసరికి అక్కడి గడియారం ఆరూ రెండు చూపిస్తోంది.

పిల్లల్ని చూసుకునే పెద్దక్క పాపను చంకనెత్తుకొని, అప్పటికే తన సంచి భుజానికి తగిలించుకొని ఉంది. ఆమెకూ ఆరుగంటల బస్సు తప్పింది. ఆరు దాటాక ఆమె నిలబడ్డ నిమిషాలకు కూడా ఎవరూ డబ్బివ్వరు. జరిమానా నేరుగా ట్రస్టుకు పోతుంది.

"రెండు నిమిషాలేనే తల్లీ," అంది పెద్దక్క, తెరిచి ఉన్న పుస్తకం వైపు చూడకుండా. "ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఆరు అని రాస్తే చాలు. అడిగితే పెద్దక్క రాస్తుంది, అది గొంతులోనే తెలుస్తోంది. పట్టుబడితే పోయేది పెద్దక్క ఉద్యోగం. అదొక్కటే కాదు. ఇన్నాళ్ళుగా నిమిషాలను నిమిషాలుగానే రాస్తూ వచ్చిన మనిషి ఇప్పుడు రెండు నిమిషాలను మింగేస్తే, ఎర్రకలం మాస్టారికీ తనకూ తేడా ఏముంటుంది?

"ఆరూ రెండు. రాయక్కా," అంది లెక్కలమ్మ. "కారణం కూడా రాయి. కంపెనీవాళ్ళు గేటుకి తాళమేశారని."

పెద్దక్క రాసింది. రాస్తూ ముక్కు తుడుచుకుంది. "సోమవారం నుంచి ఇంకో పాప వస్తుంది. నన్ను తిట్టుకోకే."

"నిన్నెందుకు తిడతానక్కా? తిట్టాల్సినవాళ్ళ జాబితా పెద్దది. నీ దాకా రాదు."

శనివారం భర్త కూలి వదులుకొని పాపతో ఇంట్లో ఉన్నాడు. సోమవారం అతనికి ఆ వీలు లేదు. ఇరుగుపొరుగులందరూ పనులకు పోయేవాళ్ళే. ఎనిమిదీ పావుకు లెక్కలమ్మ పాపను చంకన వేసుకొని గోదాము గేటు ముందు నిలబడింది. లోపలికి వెళ్ళేటప్పుడు కూడా వరుస ఉంటుంది. ఆ రోజు అందరికంటే ముందున్నది ఆమే.

"ఏంటమ్మా ఇది?" సూపర్‌వైజరు బయటికొచ్చాడు. "పిల్లనెత్తుకొచ్చావు, ఇదేమన్నా పార్కా?"

"మీ గేటు మూసినందుకు దీని సీటు పోయింది. ట్రస్టువాళ్ళకి తప్పు మీదని చెప్పి సీటు ఇప్పించండి. లేకపోతే లోపల దీనికి కూర్చోడానికి చోటివ్వండి. రెండూ కుదరదంటే, కుదరదని కాగితం మీద రాసివ్వండి."

"రాసివ్వడమేంటి? ముందు పక్కకి జరుగు. మీరంతా లోపలికి నడవండమ్మా, టైమవుతోంది!"

లెక్కలమ్మ జరగలేదు. ఆమె వెనక వదిన ఉంది. వదిన పాప జడకు రిబ్బను సరిచేస్తూ, తలెత్తకుండానే అంది: "మేము వరుసలో ఉన్నాం సార్. ముందున్నవాళ్ళని దాటుకొని పోకూడదు కదా. సాయంత్రమైతే మీరే అరుస్తారు."

వరుస గోడ మలుపు దాకా ఉంది. సూపర్‌వైజరు దాన్ని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఒక్కరు కూడా అడుగు వేయలేదు. లోపల ఎనిమిదిన్నర గంట మోగింది. వేలిముద్ర యంత్రం దగ్గర ఎవరూ లేరు. ఆయన ఫోను తీసి, కాస్త దూరంగా నడిచి, చేయి అడ్డం పెట్టుకొని మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మేనేజరుతోనేనా?" అంది వెనక నుంచి ఎవరో.

"ఆయనతోనే," అంది వదిన. "ఇప్పుడు నిమిషాలు ఆయనవి కదా, త్వరగానే వస్తాడు."

పాప దిగుతానని గొడవ చేసింది. లెక్కలమ్మ దింపలేదు. చంక మార్చుకొని, గేటుకు ఎదురుగా అలాగే నిలబడింది.