పెన్సిల్ పొడి రాసిన పట్టాలు

గడియారాల మేస్త్రీకి, ఆయన భార్య తాళాలక్కకి కలిపి ఒకటే దుకాణం, మధ్యలో ఒక చెక్కబల్ల. బల్లకి అవతల ఆయన వాచీలు విప్పేవాడు, ఇవతల ఆమె తాళంచెవులు చేసేది. ఎవరి పని నాజూకైనదో తేలక పాతికేళ్లు పోట్లాడుకున్నారు. ఈ ఏడు ఆ పోట్లాట ఆగిపోయింది. మేస్త్రీ వేళ్లలోంచి స్క్రూలు రాలిపోతున్నాయి.

మెడలో నరం నలుగుతోందని డాక్టరమ్మ తేల్చింది. పద్దెనిమిదో తారీకున ఆపరేషన్. ఆలస్యమైతే పోయిన పట్టు మళ్లీ రాదని ఒకటికి రెండుసార్లు చెప్పింది. మేస్త్రీ తలైతే ఊపాడు గానీ, మెడ మీద కత్తి అనగానే ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికొచ్చి అటక మీంచి కరెంటుతో నడిచే బొమ్మరైలు దింపాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్న కొనిచ్చినది. పట్టా చివర సన్నటి ఇనపపుల్ల ఉంటుంది, అది పక్క పట్టా గొట్టంలోకి దూరాలి. ఇరవై నాలుగు ముక్కలు కలిస్తే ఒక చుట్టు.

"రోజూ పొద్దున్నే ఇవి కలుపుతా. ఎన్ని కలిస్తే చేతులు అంత బాగున్నట్టు," అన్నాడు.

మొదటి రోజు ఐదు కలిశాయి, రెండో రోజు మూడు. నాలుగో రోజు తాళాలక్క మంచినీళ్లు తెచ్చేసరికి ఆయన ఒక పట్టాని పళ్లతో కరిచిపట్టుకుని రెండోదాంట్లోకి నెడుతున్నాడు. పెదవి తెగింది. కళ్లనిండా నీళ్లు. ఆమె చూడనట్టే వెనక్కి వెళ్లిపోయింది.

తాళాల పనిలో ఆమెకి తండ్రి నేర్పిన మొదటి పాఠం ఒకటుంది. తాళంచెవి తిరగకపోతే తప్పు దానిదే, తిప్పే చేతిది కాదు. బేరానికొచ్చినవాడి చేతిని ఏనాడూ ఏమీ అనకూడదు. ఆ మధ్యాహ్నం మేస్త్రీ కునుకు తీస్తుండగా ఆమె సన్న ఆకురాయి పట్టి పుల్లల మొనలు అరగదీసింది. గొట్టాలని వెంట్రుకవాసి వెడల్పు చేసింది. బిగిసిన తాళానికి వేసినట్టే పెన్సిల్ ముల్లు పొడి రాసింది. ఆపరేషన్ దాకా మనిషి ధైర్యంగా ఉంటే చాలనుకుంది.

మర్నాడు తొమ్మిది కలిశాయి. ఆ వారంలోనే పద్నాలుగు.

"నీ తాళాల పని మానేసి నా దగ్గర శిష్యరికం చెయ్యవే," అన్నాడు మేస్త్రీ. చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"ముందు మీ చొక్కా గుండీలు పెట్టుకోండి, తర్వాత చూద్దాం," అని ఆమె కూడా నవ్వింది.

వేళ్లు ఇంకా మొద్దుబారుతున్న కొద్దీ ఆమె ఇంకా అరగదీసింది. ఇదివరకైతే ఆకురాయి గీత ఆయన బొటనవేలికి ఇట్టే తెలిసిపోయేది. ఇప్పుడు తెలియలేదు. ఆ సంగతి ఆమె గమనించింది, గమనించి దిగమింగుకుంది.

పదిహేడో తారీకున ఆమె సంచిలో బట్టలు సర్దుతుంటే, "ఎక్కడికీ?" అన్నాడు.

"రేపు ఆసుపత్రికి కదండీ."

"వద్దని మొన్ననే ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పేశా. ఇవాళ ఇరవై ఒకటి కలిశాయి. బాగుపడుతున్న చేతుల కోసం మెడ కోయించుకోడానికి నాకేమన్నా పిచ్చా?"

మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఆమె చాటుగా ఆసుపత్రికి ఫోన్ చేసింది. ఆ తారీకు ఇంకొకరికి ఇచ్చేశారు, మళ్లీ ఏడు వారాలకి గానీ కుదరదన్నారు. అప్పుడైనా మొగుడికి నిజం చెప్పొచ్చుగా. చెప్పలేదు. పిరికితనానికి వేరే పేరు పెట్టడం దేనికి?

ఆ తర్వాత మూడో రోజున ఇరవై నాలుగూ కలిశాయి. మేస్త్రీ పట్టాల మీద రైలు పెట్టి, కరెంటిచ్చి, మోచేత్తో మీట నొక్కాడు. ఇంజను జానెడు దూరం పోయి ఆగింది. తోస్తే కదిలింది, తర్వాతి అతుకు దగ్గర మళ్లీ ఆగింది. వదులు అతుకుల్లో కరెంటు పారదు. ఆయన ఒక ముక్క ఊడదీసి, వాచీలు చూసే అద్దం కంటికి పెట్టుకుని, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడ్డాడు.

"ఈ గీత నీ ఆకురాయిదే," అన్నాడు.

ఆమె అంతా చెప్పేసింది. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఏడు వారాలకి ఆపరేషన్ అయింది. "మిగిలింది నిలబెట్టాం. పోయింది మాత్రం తేలేమమ్మా," అంది డాక్టరమ్మ. వాచీల బోర్డు దించేశారు.

ఒక పొద్దున మేస్త్రీ చొక్కా గుండీతో కుస్తీ పడుతున్నాడు. తాళాలక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. సాయం చెయ్యాలంటేనే ఇప్పుడామెకి భయం. కాసేపటికి ఆయన చొక్కా విప్పి ఆమె వైపు చాచాడు.

"కాజాలు కాస్త పెద్దవి చెయ్యి," అన్నాడు. "ఈసారి నాకు చెప్పి చెయ్యి."