జానమ్మ సాక్ష్యం

ఆదివారం లోపల ఆశా కార్యకర్త స్నేహలత చేయాల్సినవి ఇవి: ముగ్గురి తెమడ డబ్బాలు టీబీ పరీక్షకు కేతేపల్లి దవాఖానకు చేర్చాలి, ఇద్దరు బాలింతలను చూడాలి, వాడలో దోమల మందు కొట్టించాలి, జానమ్మ చేత టీబీ గోలీలు మళ్లీ మింగించాలి. మొదటి మూడూ శుక్రవారానికే అయిపోయాయి.

జానమ్మ పత్తి ఏరే కూలి మనిషి. రెండు నెలలు గోలీలు మింగేసరికి దగ్గు తగ్గింది, ఒళ్లు కాస్త నిండింది. ఆ సంబరంలో వాడలోని క్రీస్తు మందిరంలో లేచి, ప్రార్థనతోనే తన రోగం పోయిందని సాక్ష్యం చెప్పింది. ఆనాటి నుంచి గోలీ ముట్టలేదు.

"పురుగు సావలే పెద్దమ్మా, పండుకున్నదంతే. ఇంకా నాలుగు నెలలు మింగాలె," అంది స్నేహలత.

"అందరి ముంగట సాక్ష్యం చెప్పిన బిడ్డా. ఇప్పుడు మింగితే దేవుని అబద్ధికుణ్ణి చేసినట్టు గాదా? అయ్యగారు చెప్తే మింగుత. నువ్వు డిగ్రీ చదివితే చదివినవు, పరలోకం తాళంచెవి నీ దగ్గర లేదు గద!"

స్నేహలత పాస్టరు ఇస్రాయేలు ఇంటికి పోయింది. చిన్నప్పుడు ఆమెకు బైబిలు వాక్యాలు నేర్పింది ఆయనే. ఆమె పోయేసరికి ఆయన అన్నం తిని, మీసాలకు పెరుగు అంటుకొని ఉండగానే షుగర్ గోలీ నోట్లో వేసుకుని నీళ్లు తాగాడు.

"అయ్యగారూ, జానమ్మ పెద్దమ్మకు గోలీలు మింగుమని ఒక్క మాట చెప్పుండ్రి."

"ఆమె సాక్ష్యం విని పక్కూర్ల నుంచి గూడ వస్తుండ్రు బిడ్డా. నేనే మింగుమంటే సంఘం ఏమనుకుంటది?"

"మరి గిప్పుడు మీరు మింగిండ్రు గద?"

"నేను సాక్ష్యం చెప్పలే గద!" అని కిసకిసా నవ్వాడు.

ఆదివారం మందిరంలో 'ఆరోగ్య దినం' జరిపారు. ఫ్లెక్సీ కట్టారు, పిల్లలతో చేతులు కడిగించి ఫొటోలు తీశారు. తరువాత పాస్టరు జానమ్మను ముందుకు పిలిచి, సాక్ష్యం మళ్లీ చెప్పమన్నాడు. నాలుగు మాటలకే ఆమెకు దగ్గు తెర కమ్ముకుంది. కొంగులో నెత్తురు పడింది. పాస్టరు అది చూశాడు. చూసి, దగ్గు వినబడకుండా మైకులో గట్టిగా హల్లెలూయ అందుకున్నాడు.

స్నేహలత లేచి నిలబడింది. "పెద్దమ్మకు రోగం పోలే! గోలీలు కావాలె!"

"కూసో బిడ్డా, గిది దవాఖాన గాదు," అన్నారు వెనక నుంచి ఎవరో. జానమ్మ పాస్టరు ముఖం వైపే చూసింది. ఆ ఒక్క మాట ఆయన నోట రాలేదు.

మూడు నెలలకు ఆమె నల్లగొండ దవాఖానలో చనిపోయింది. ప్రభువు పిలుచుకున్నాడని సమాధి దగ్గర పాస్టరు చక్కగా ప్రసంగించాడు. స్నేహలత ఆమేన్ అనలేదు.

మీ గుడిలోనో, దర్గాలోనో, మందిరంలోనో ఎవరైనా రోగం పోయిందని లేచి చెబితే సంతోషించండి. గోలీలు మింగుతున్నారా అని కూడా అడగండి. అడిగేటప్పుడు జానమ్మను ఒక్కసారి యాది చేసుకోండి.