లేసు ఊడిన కుడిచేతి గ్లౌజు

నేను ఒక ఎర్ర బాక్సింగ్ గ్లౌజుని, కుడిచేతిదాన్ని. లోకంలోకి వచ్చేనాటికి నా చేతిలో ఉన్న సరుకు చెబుతాను. మంచి తోలు, దాని కింద దట్టంగా కూరిన స్పాంజి, మణికట్టు దగ్గర బిగించడానికి పొడవాటి తెల్ల లేసు, జతకి ఒక ఎడమచేతి గ్లౌజు. ఇంతే పెట్టుబడి. కొట్టేవాడి వేళ్లు విరక్కుండా, తినేవాడి ముఖం చీలకుండా మధ్యలో నిలబడి, ఇద్దరి దగ్గరా కాస్త కాస్త పుచ్చుకునే దళారీ బతుకు నాది.

నన్ను జలంధర్‌లో కుట్టారు. పెట్టెలో పడి విశాఖపట్నం వచ్చి, బాక్సింగ్ సంఘం వాళ్ల బీరువాలో చేరాను. మా పోటీల్లో గ్లౌజు ఆటగాడిది కాదు, మూలది. రింగులో ఎర్ర మూలకి ఎవడొస్తే వాడికి నేను. నీలి మూలకి వచ్చినవాడికి నా నీలి దాయాదులు. ఒకడి చెమట ఆరకముందే ఇంకొకడి చెయ్యి దూరేది. పొద్దున్న నాతో కొట్టినవాడే సాయంత్రం నీలి మూలకి మారి నాతో తన్నులు తినేవాడు. మావాడు, పగవాడు అని జనం అరుస్తుంటే నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. లోపలి వాసన అందరిదీ ఒకటే.

రాష్ట్ర పోటీల ఫైనల్ నాడు నన్ను తొడుక్కున్నవాడు కోలా బంగార్రాజు. ఎదురుగా నీలి మూలలో జాలరిపేట మైలపల్లి దానయ్య. గెలిచినవాడికి రైల్వేలో ఉద్యోగం ఖాయమని హాలంతా గుసగుసలు. చివరి రౌండుకి దానయ్యదే పైచెయ్యి. బంగార్రాజుకి ఊపిరందడం లేదు. తాళ్ల మీద వాలిపోయి నన్ను గడ్డానికి అడ్డం పెట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే నా లేసు ఊడింది. అతని మూలలో ఉన్న మనిషి తొందరలో ముడి మీద టేపు అంటించడం మరిచిపోయాడు.

దానయ్య గుద్దడానికి ఎత్తిన చెయ్యి దించాడు. ఒక అడుగు వెనక్కి వేసి, వేలాడుతున్న లేసుని రెఫరీకి చూపించాడు. రెఫరీ ఆట ఆపాడు. లేసు కట్టారు. టేపు కనబడక, డాక్టరు పెట్టెలోంచి తెల్ల ప్లాస్టరు తీసి నాకు చుట్టారు. ఆ కాస్త వ్యవధిలో బంగార్రాజు ఊపిరి పోగుచేసుకున్నాడు. ఆట మళ్లీ మొదలవగానే నన్ను దానయ్య దవడ మీదికి విసిరాడు. దానయ్య లేచేసరికి రెఫరీ పది లెక్కపెట్టేశాడు.

మర్నాడు పేపర్లో నలుపు తెలుపు ఫొటో వచ్చింది. అందులో ఎరుపేది, నీలమేది? ఇద్దరి తలలకీ తోలు టోపీలు, ముఖాలు ఆనవు. ఒకడు చెయ్యి దించి నిలబడ్డాడు, ఇంకొకడు తాళ్ల మీద వాలాడు, వాడి మణికట్టు దగ్గర ఊడిన లేసు సన్నగా వేలాడుతోంది. చూసినవాళ్లు సులువుగా లెక్క కట్టేశారు: నిలబడ్డవాడు గెలిచినవాడు, వాలినవాడు ఓడినవాడు. హాల్లో కళ్లారా చూసినవాళ్లు కూడా కొన్నేళ్లకి ఫొటోనే గుర్తుపెట్టుకున్నారు.

ఆ పోటీలోనే నా కుట్టు విచ్చిపోయింది. ఇక పనికిరామని మా జతని జ్ఞాపికగా బంగార్రాజుకే ఇచ్చేశారు. ఎడమది వాళ్లింట్లో కుక్కపిల్ల పాలైంది. నన్ను అతను కంచరపాలెంలో సెలూన్ నడిపే త్రినాథ్‌కి ఇచ్చాడు. త్రినాథ్ నన్ను అద్దం పైన మేకుకి తగిలించి, పక్కన ఆ ఫొటో పెద్దది చేయించి పెట్టి, కొట్టుకి 'ఛాంపియన్' అని పేరు రాయించాడు. రైల్వే ఉద్యోగి బంగార్రాజు అక్కడికే గడ్డానికి వచ్చేవాడు. త్రినాథ్ కొత్తవాళ్లకి ఫొటో కథ చెబుతుంటే కళ్లు మూసుకునేవాడు. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మాట్లాడకపోవడం తెలివైన పనే. కత్తి తీశాక కూడా మాట్లాడలేదు.

మొన్న వేసవిలో బంగార్రాజు పోయాడు. చచ్చినవాడి కళ్లు చారెడు. సెలూన్లో వాదనలు పెరిగాయి.

"ఏం ఆడాడయ్యా? రాష్ట్రం దాటి ఒక్క పతకం తెచ్చాడా?" అన్నారు రిటైరైన డ్రిల్లు మాస్టారు కనకారావు.

"తమరు విజిల్ ఊదినారు గానీ దెబ్బ తిన్నారేటి?" అన్నాడు ఆటో నడిపే ఎల్లాజీ. "ఆ కుడిచేతి గుద్దు ముందు కాకినాడోడు, గుంటూరోడు ఒక లెక్కా?"

"గుద్దితే గొప్పోడైపోతే మా ఊరి ఆంబోతూ ఛాంపియనే."

"గుద్దు వొగ్గీండి మాస్టారూ. ఆ ఫొటో చూడండి. చేతికి చిక్కినోణ్ణి కొట్టకుండా చెయ్యి దించినాడు. అలాటోడు మళ్లీ పుడతాడేటి?"

ఫొటో దగ్గరికొచ్చేసరికి మాస్టారు కూడా తగ్గేవారు. చివరికి ఆ ఫొటోని పేట వ్యాయామశాలలో పెట్టి, ఏటా మర్యాదగా ఆడిన కుర్రాడికి బంగార్రాజు పేర బహుమతి ఇవ్వాలని తీర్మానించారు.

"తెర దానయ్య మావే తియ్యాలి," అన్నాడు ఎల్లాజీ. "ఓడినోడి చేత తీయిస్తే ఆ అందమే వేరు."

దానయ్య వెనక బల్ల మీద తన వంతు కోసం కూర్చున్నాడు. హార్బర్లో ఐసు మోసి మోసి భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది.

"నాను తియ్యను," అన్నాడు. "అందులో చెయ్యి దించినోణ్ణి నాను. తాళ్ల మీదున్నోడు బంగార్రాజు."

త్రినాథ్ కత్తెర ఆగింది. ఎల్లాజీ నవ్వాడు. "బాగుంది మావా. ఇన్నేళ్లూ ఏటి చేసినావు? మనిషి పోయాకా చెప్పడం?"

"ఆడే చెప్తాడనుకున్నాను."

దానయ్య లేచి నన్ను మేకు మీంచి తీశాడు. మణికట్టు దగ్గర ఎండిపోయి అంటుకున్న ప్లాస్టరు చూపించాడు. "ఫొటోలో తాళ్ల మీదున్నోడి లేసు ఏలాడతంది, చూడండి. ఆ లేసు ఊడింది దీనికి. ఇది ఎవుడి చేతిదో మీరే చెప్తన్నారు గదా."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని చూశారు. ఫొటోలో లేసునీ, నా మీది ప్లాస్టరునీ పోల్చి, కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"పాత వస్తువుకి నానా మరకలుంటాయి," అన్నాడు ఎల్లాజీ. "ఓడినోళ్లందరూ ఇలా ఫొటోలో మారిపోతే ఇంక గెలిచినోడెవడు?"

"గెలిచింది ఆడే. అది నాను అడగట్లేదు. ఆ దించిన చెయ్యొక్కటి నాది."

దానయ్య నన్ను పసిపిల్లని పడుకోబెట్టినట్టు జాగ్రత్తగా మేకుకి తగిలించి, గడ్డం గీయించుకోకుండానే వెళ్లిపోయాడు.

భోజనాల వేళ అందరూ వెళ్లాక త్రినాథ్ ఫొటోని చాలాసేపు చూశాడు, నన్నూ చూశాడు. అర్థమైంది అతనికి. తడిగుడ్డతో నానబెట్టి, కొత్త బ్లేడుతో ప్లాస్టరంతా గీకేశాడు. దాంతో పాటు లేసు తెగి ఊడొచ్చింది, తోలు కూడా కొంత లేచింది. అతన్ని తప్పుపట్టను. కొట్టు పేరూ గిరాకీ ఆ కథ మీదే నిలబడ్డాయి. పునాది వంకరని ఇల్లు కూల్చుకున్న వ్యాపారిని నేనింతవరకూ చూడలేదు.

తెర ఎవరో కార్పొరేటరు తీశాడట. మాస్టారు మోకాలి నొప్పని ఇంట్లో ఉండిపోయారు. దానయ్య మళ్లీ ఈ గడప తొక్కలేదు. తోలు లేచిన మచ్చ ఏమిటని కొత్తవాళ్లు అడిగితే, దానయ్య దవడ ఎముక తగిలి లేచిందని ఎల్లాజీ చెబుతున్నాడు.

ఇక నా లెక్క. జత పోయింది, లేసు పోయింది, నిజం చెప్పగల ఒక్క మరకా పోయింది. బదులుగా మేకు దక్కింది, అగరుబత్తి పొగ దక్కింది, నన్ను చూసి మురిసే జనం దక్కారు. అవి లాభమని నేను రాసుకోను. ఆటలో ఏనాడూ నాలో దూరని ఒక చెయ్యి, ఆ రోజు నన్ను మేకు మీంచి తీసి, మళ్లీ మెల్లగా తగిలించింది. నాకు మిగిలింది ఆ స్పర్శ ఒక్కటే.