షౌకీ కోసం వచ్చిన కుర్చీ

అలెగ్జాండ్రియాలో, కర్మూజ్ పేటలో ఇస్త్రీ షౌకీ అంటే తెలియనివాళ్ళు లేరు. పొద్దున్నే కొట్టు తెరిచేవాడు, ఇస్త్రీ పెట్టె వేడెక్కించేవాడు, నోటినిండా నీళ్ళు పట్టి చొక్కా మీద మంచులా చిమ్మేవాడు. అంత సన్నగా చిమ్మేవాడు ఊళ్ళో ఇంకొకడు లేడు. చిక్కల్లా ఈమధ్య ఆ నోట్లోకి నీళ్ళకంటే ముందు సారా వెళ్తూండటమే.

పెళ్ళిళ్ళు రాసే షేక్ బద్రాన్ గారు అలా ఇస్త్రీ అయిన అంగీ తొడుక్కుని శుక్రవారం ప్రార్థనకు వెళ్తే, ఆయన చుట్టూ రెండు వరసలు ఖాళీ అయ్యాయి. ఆ కబురు షౌకీ కూతురు నిహాల్ చెవిన పడింది. రెండు నెలల్లో ఆ పిల్ల పెళ్ళి. ఆ రోజు పెళ్ళికూతురి తండ్రి పెళ్ళికొడుకు చేతిని తన చేతిలోకి తీసుకుంటాడు, పైన తెల్ల రుమాలు కప్పి షేకు గారు నిఖా మాటలు చెప్పిస్తారు. షౌకీకి ఉన్నది ఒక్కగానొక్క కూతురు. ఆ చెయ్యి పట్టుకోవడం కోసమే ఇరవై నాలుగేళ్ళుగా బతుకుతున్నానని తాగినప్పుడల్లా ఏడ్చేవాడు.

"నీ చెయ్యి చూసుకో నాన్నా. పెట్టె లేకపోయినా ఇస్త్రీ చేస్తూనే ఉంది. ఇలాగే ఉంటే నీ బదులు లుత్ఫీ బాబాయి కూర్చుంటాడు."

"వాడా? ఆ పిసినారి వెధవా!"

"పిసినారే. కానీ చెయ్యి వణకదు."

ఆమె తండ్రి జేబులో ఒక చీటీ కుక్కింది. మంగళవారం సాయంత్రం, అత్తారీన్‌లో పాత బడి. తాగుడు మానుకున్నవాళ్ళు, మానుకోవాలనుకునేవాళ్ళు అక్కడ కూర్చుని మాట్లాడుకుంటారట.

షౌకీ బయల్దేరాడు. దారి అడగడానికి మాత్రం సిగ్గేసింది. "ఇంగ్లీషు పాఠాలు చెప్పే పాత బడి ఎక్కడండీ?" అని అడిగాడు. దారి అడిగినవాడికి తెలీదని చెప్పడం అలెగ్జాండ్రియాలో మర్యాద కాదు. ఊరగాయలవాడు ఎడమకు తిప్పాడు, మంగలి కుడికి తిప్పాడు, మేడమీంచి బుట్ట దించుతున్న ఇల్లాలు స్టేషను చుట్టూ తిరిగి రమ్మంది. గంట తరవాత చూసుకుంటే సారాకొట్టు గుమ్మంలో ఉన్నాడు. 'నా ప్రయత్నం నేను చేశాను' అనుకుని లోపలికి వెళ్ళాడు. మరుసటి మంగళవారం కూడా ఇదే తంతు. ఆ బడి కూలిపోయిందని కూతురికి చెప్పాడు.

మూడో మంగళవారం కొట్టు మూస్తూండగా వీధి మలుపులోంచి ఒక చెక్క కుర్చీ వచ్చింది. ఒక కాలు పొట్టి. టక్కు టక్కుమని కుంటుకుంటూ వచ్చి షౌకీ గుమ్మం ముందు నిలబడింది.

పక్క కొట్లో బఠానీలు వేయించే రతీబా మూకుడులోంచి తలెత్తింది. "షౌకీ కోసమా తల్లీ? ఇంత ఆలస్యంగానా రావడం?"

షౌకీ పరుగెత్తి ట్రామెక్కాడు. కుర్చీ కూడా ఎక్కింది.

"అది నాది కాదు!" అన్నాడు కండక్టరుతో.

"నాకు తెలుసులేవయ్యా, అది మీటింగు కుర్చీ. దానికి టికెట్టు లేదు. నీకు మాత్రం కావాలి," అన్నాడు కండక్టరు.

అత్తారీన్‌లో అది దిగింది. ఇక చేసేదిలేక షౌకీ కూడా దిగాడు. కుర్చీ ఎవర్నీ దారి అడగలేదు. రెండు సందులు దాటి ఒక గదిలోకి తీసుకెళ్ళింది. ఏడుగురు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ వరసలో ఒక ఖాళీ ఉంటే అందులోకి దూరి నిలబడింది.

"దారి దొరకలేదా?" అన్నాడు ఫిక్రీ, టీ పోస్తూ. ఒకప్పుడు ఓడలో వంటవాడు.

"ఇంగ్లీషు పాఠాలని అడిగాను."

గదంతా గొల్లున నవ్వింది. "నేను పళ్ళడాక్టరు ఎక్కడని అడిగాను. మూడు పళ్ళు పీకించుకున్నాక ఇక్కడికి చేరాను," అని ఫిక్రీ నోరు తెరిచి ఆ ఖాళీలు చూపించాడు. "జన్మంతా మానెయ్యాలనుకోకు అన్నా, గుండె ఆగిపోతుంది. ఇవాళ ఒక్కరోజు మానెయ్. రేపటి సంగతి రేపు చూద్దాం."

షౌకీ కూర్చున్నాడు. "నా పేరు షౌకీ. నేను తాగుబోతుని," అన్నాడు, అని ఏడ్చాడు. ఇన్నాళ్ళూ ఏడ్చిన ఏడుపు కాదది.

ఆ తరవాత ప్రతి మంగళవారం కుర్చీ వచ్చింది, షౌకీ వెళ్ళాడు. ఇరవై రెండో రోజున అతని కాళ్ళు సారాకొట్టువైపు తిరిగితే, కుర్చీ తన పొట్టికాలు ఎత్తి అతని కాలి బొటనవేలి మీద పెట్టి కదలనివ్వలేదు. ఆ వేలి గోరు ఊడింది.

పెళ్ళిరోజున తమ్ముడు లుత్ఫీ, ఎందుకైనా మంచిదని కొత్త కోటు తొడుక్కొచ్చాడు. షేకు గారి పక్కనున్న కుర్చీలో కూర్చోబోయాడు. కుర్చీ జానెడు వెనక్కి జరిగింది. లుత్ఫీ తివాచీ మీద చతికిలబడ్డాడు.

"అది షౌకీది బాబూ," అంది రతీబా.

షేక్ బద్రాన్ షౌకీ ఇస్త్రీ చేసిన తన అంగీ చెయ్యి వాసన చూసుకున్నారు. నీళ్ళ వాసన తప్ప ఏమీ లేదు. "కూర్చో షౌకీ," అన్నారు.

షౌకీ పెళ్ళికొడుకు హాతిమ్ చెయ్యి అందుకున్నాడు. రుమాలు కప్పారు. నిఖా మాటలు మొదలయ్యాయో లేదో, రుమాలు గడగడ వణకసాగింది. నిహాల్ ముఖం పాలిపోయింది. లుత్ఫీ కోటు సవరించుకుంటూ లేచాడు.

వణుకుతున్నది హాతిమ్ చెయ్యి.

షౌకీ ఆ చేతిని ఇస్త్రీ పెట్టెను పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నాడు. "భయపడకు నాయనా. జన్మంతా అనుకోకు, గుండె ఆగిపోతుంది. ఇవాళ ఒక్కరోజు చేసుకో. రేపటి సంగతి రేపు చూద్దాం."

"ఓయ్ షౌకీ! ఇలాంటి షరతులతో నేను పెళ్ళి రాయను!" అని షేకు గారు కేకేశారు. నిహాల్ కళ్ళనీళ్ళతో పకపకా నవ్వింది.

రుమాలు కదలడం ఆగింది.