ముక్కు తొడుగు కింద సిల్వర్ పూత

ఒక ఏడాది నక్కవాగు పొంగి పటాన్‌చెరు దగ్గర లారీలు రెండు రోజులు ఆగిపోయాయి. ఆ వరద తర్వాత వచ్చిన ఎండాకాలంలో ఇది జరిగింది. లారీలకు రంగులేసే నేను అప్పటికి విమానాల ఫైబర్ భాగాలు బాగుచేసే షెడ్డులో పనికి కుదిరాను.

ఒక చిన్న విమానం ముక్కు తొడుగు బాగుకు వచ్చింది. చెమ్మ దిగి పొరలు లేచాయి. సూపర్‌వైజర్ కామరాజు వాటిని అతికించి నాకు అప్పజెప్పాడు.

"పల్చగ రెండు పూతలు, అంతే పెంటయ్యా. లోపట వానమబ్బుల చూసే రాడార్ ఉంటది."

తల ఊపాను. రెండు పూతలే వేశాను. కాని మళ్లీ చెమ్మ దిగొద్దని వాటి కింద అల్యూమినియం పొడి కలిసిన సిల్వర్ పెయింట్ వేశాను. లారీ బాడీలకు అలాగే వేసేవాణ్ణి. ఎవరినీ అడగలేదు. తొడుగు బిగించిన రోజు ఆకాశంలో మబ్బే లేదు. పరీక్షకు రాడార్ వేసినా అది చూడటానికి ఏమీ లేకపోయింది.

నెల తిరగకుండానే తొడుగు వడగళ్ల దెబ్బలతో మళ్లీ వచ్చింది. వెంట పైలట్ బర్నబా వచ్చాడు. జోగిపేట మనిషి. కుడిచెయ్యి కట్టులో ఉంది. రంగు డబ్బా మీద కూర్చున్నాడు.

"మా జోగిపేట మీదనే మబ్బుల పడ్డ," అన్నాడు.

"మీ ఊరి మబ్బే మిమ్ముల గుర్తుపట్టలేదా సార్?" అన్నాడు కామరాజు.

"మా నాయన గూడ గదే అన్నడు." నవ్వాడు, కొంచెమే. "తెర మీద జెర పచ్చగ కనబడ్డది. పల్చటి వాన అనుకొని పోనిచ్చిన. రాడార్ మంచిదే. చీకట్ల గూడ ఎంతో దూరంల వాన ఎంత గట్టిదో చెప్తది. గని అది చూసేది నీళ్ల చుక్కలనే. ఎండు వడగళ్లు సరిగ కనబడయి. పెద్ద వాన ఎనక ఏమున్నదో అసలే చెప్పదు. గది నేను యాది పెట్టుకోవాల్సుండె. తప్పు నాదే అని రాసిచ్చిన."

"మళ్ల నడపనిస్తరా సార్?" అని అడిగాడు కామరాజు.

"ఇగ లేదు. పదహారేండ్ల కొలువు."

లేస్తూ తొడుగు మీద ఎడమచెయ్యి వేశాడు.

"రంగుల లోహం కలిస్తే రాడార్ చూపు అక్కడనే ఆగుతది. గసుంటిది ఏమన్న ఏసినవా పెంటన్నా?"

"రెండు పూతలే సార్."

నమ్మాడు. నా భుజం తట్టి వెళ్లిపోయాడు. గేటు దాకా అతని వెనకే నడిచాను. పిలవాలనుకున్నాను. గేటు వేసి వెనక్కి వచ్చాను.

మర్నాడు కామరాజు రాకముందే షెడ్డుకు వెళ్లి, ఆ సిల్వర్‌ను అడుగు పొర కనిపించేదాకా గీకేశాను. నేల ఊడ్చి, ఆ పొడిని నక్కవాగులో పోసి వచ్చాను.